షాకబ్జార్బరులకు కాంట యేది?

మామిడికాలము వచ్చినదనిన జగిత్యాల దగ్గరి చల్‌గల్ మార్కెట్టునకు ఊరూర నుండి వాహనములు బారులు తీరును. కాయ దించిన రైతు ధర యెంత యని యడుగుటకు ముందే కాంటవైపు చూచును. కాంట సరిగా నున్నదా, దానిపై ముద్ర యున్నదా యను విచారము అతనికి పుట్టుకతో వచ్చినది. తరతరములుగ తూకమునందు మోసపోయినవాని జాగ్రత్త యది. ప్రభుత్వమును ఆ జాగ్రత్తను మన్నించి, తూనికలకును కొలతలకును 2009 సంవత్సరమున లీగల్ మెట్రాలజీ చట్టమను పేర క్రొత్త శాసనమును చేసినది. కిలో రాయి మొదలు లారీని సరకుతో సహా తూచు ధర్మకాంట వరకు అన్నిటికిని తనిఖీయు ముద్రయు విధించినది. కాని ఆ కాయను మోసికొని వచ్చిన బండి క్రింద, చక్రముల ప్రక్కగా, నాలుగు గొట్టములు అమర్చబడియున్నవి. అవి పనిచేయుచున్నవో లేదో నిగ్గుదేల్చు కాంట సారంగాపూర్ వంటి మండలములో సామాన్యుని కందుబాటులో ఎక్కడను మాకు కానరాలేదు.

ఆ గొట్టములే షాకబ్జార్బరులు. ఇంత చిన్న వస్తువును గూర్చి సంపాదకీయ పుటలో వ్రాయవలయునా యని కొందరు పాఠకులు నవ్వవచ్చును. నవ్వునట్టివారు నాట్లు ముగిసిన వెంటనే సారంగాపూర్ నుండి బీర్పూరు వైపు ఒకసారి వాహనములో పోయి రావలయునని మా ప్రార్థన. కేజివీళ్ళు తీయకుండ ట్రాక్టరులను తారురోడ్డుపై నడిపించుటచే పడిన గాట్లు, వానకు లేచిపోయిన కంకర, ప్రతి యూరి మొదటను చివరను ఎవరికి తోచిన యెత్తున వారు కట్టుకొనిన స్పీడుబ్రేకరులు, ఇవి యన్నియు చక్రము క్రిందికి వచ్చును. వాని దెబ్బలను దినమునకు వేలసార్లు మ్రింగుట ఆ గొట్టముల పని.

ఈ పని యెట్టిదో కొంచెము వివరింపవలసియున్నది. ఏలయన మనలో చాలమంది షాకబ్జార్బరు బండి బరువును మోయునని తలంచుచున్నారు. బరువు మోయునది స్ప్రింగు. జీపులకును లారీలకును కమాను పట్టీలు. దెబ్బ తగిలినప్పుడు ఆ స్ప్రింగు అణగి దెబ్బను దాచుకొనును. కాని దాచుకొనినదానిని తనయందే యుంచుకొను గుణము స్ప్రింగునకు లేదు. అప్పు తీర్చువానివలె వెంటనే తిరిగి యిచ్చివేయును. బండి పైకెగయును, మరల దిగును, మరల నెగయును. ఈ యూపును చంపుటకే గొట్టములో నూనె పోసి, పిస్టనునకు సన్నని రంధ్రములును వాల్వులును అమర్చినారు. పిస్టను కదలినపుడు నూనె ఆ యిరుకుదారిలో దూరవలసి వచ్చును. ఆ ప్రయాసలో స్ప్రింగు తిరిగి యిచ్చిన శక్తి వేడిగా మారి గాలిలో కలియును. మన తాతల యెడ్లబండికి స్ప్రింగే లేదు గనుక దానికి ఈ బాధయు లేదు. దెబ్బ నేరుగా నడుమునకే తగిలెడిది.

బండి మేను సెకనునకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగును. దాని నెక్కినవానికి అది తెలియును. చక్రమట్లు కాదు. ఇరుసుతో గూడ అది సెకనునకు పది పదునైదు సార్లు ఎగిరిపడగలదు. పైన కూర్చున్నవానికి ఇది చిన్న వణకుగా మాత్రమే తోచును. అట్లెగిరినంతసేపు టైరు నేలను గట్టిగ పట్టుకొనదు. నేలను పట్టని టైరునకు బ్రేకు వేసినను పట్టు తక్కువ. స్టీరింగు త్రిప్పినను పట్టు తక్కువ. కావున షాకబ్జార్బరు అరిగిన బండిలో కుదుపు ఎక్కువగునన్నది సగము మాట. మలుపులోను గుంతలలోను బ్రేకు తొక్కవలసివచ్చిన క్షణమున బండి మన మాట వినదన్నది మిగిలిన సగము. టైరు అంచున గుంటలు గుంటలుగ అరుగుట మొదలైన దుబారా ఇంక వేరు.

ఇంతటి వస్తువును మనము పరీక్షించు విధ మేది? బంపరుపై రెండు చేతులు మోపి బలముగ అణచి వదలుదురు. ఒక్కసారి లేచి నిలచినచో మంచిదందురు. రెండు మూడు మార్లు ఊగినచో పోయినదందురు. ఈ పరీక్షను మేము తీసివేయుట లేదు. పూర్తిగ చచ్చిన షాకబ్జార్బరును ఇది పట్టుకొనగలదు. అయితే చేతితో అణచి వదలినప్పుడు పిస్టను కదలు వేగము సెకనునకు పది పదునైదు సెంటీమీటరులకు మించుట యరిది. వేగముతో పోవు బండి గుంతలో పడినప్పుడు అదే పిస్టను సెకనునకు మీటరును మించిన వేగముతో పరుగెత్తవచ్చును. తక్కువ వేగమున నూనె పోవు దారి వేరు, ఎక్కువ వేగమున తెరచుకొను వాల్వు వేరు. పైగా బుష్షుల బిగువు, కమాను పట్టీల మధ్య తుప్పు, ఇవి కూడ ఊపును ఆపి షాకబ్జార్బరునకు లేని గౌరవమును కట్టబెట్టును. నడచుచున్నప్పుడు ఆయాసపడని మనిషి పరుగెత్తగలడని వైద్యుడు వ్రాసియిచ్చునా? బంపరు పరీక్ష అంతకంటె గొప్పది కాదు.

ఇందు మా యనుభవ మొకటి చెప్పుట తప్పు గాదు. మా పాత జీపునకు ముందరి షాకబ్జార్బరులు రెండు మార్పించితిమి. దుకాణమువాడు క్రొత్తవని చెప్పెను. నల్లని రంగు నిగనిగలాడుచుండెను. రశీదు మాత్రము వ్రాయలేదు. మేమును అడుగలేదు, అది మా తప్పు. రెండు మాసములలో ఎడమవైపుది రాడు వెంబడి నూనె కార్చుట మొదలిడెను. తీయించి రంగు గీకి చూడగా గొట్టమును కోసి, మరల అతికిన జాడ కనబడెను. కుడివైపుది కారలేదు. అదియు పాతదే యగునా, నిజముగ క్రొత్తదే యగునా? మేస్త్రీ చేతితో లాగి నొక్కి చూచి, "ఇది బాగానే యున్నదయ్యా" యనెను. అతడు ముప్పదియేండ్ల అనుభవశాలి, అబద్ధమాడువాడు కాడు. కాని బాగనగా నెంత బాగు? క్రొత్తదానితో పోల్చిన ముప్పాతికయా, సగమా? ఆ ప్రశ్నకు అతని చేతిలో సమాధానము లేదు. మా చేతిలోను లేదు.

పాత షాకబ్జార్బరులకు సీలు మార్చి, నూనె పోసి, మరల అమ్ము వ్యాపారమును మేము పాపమని యనము. బీదవానికి అది యొక దారి. పది పదునైదు వేల నెలసరి ఆదాయముతో ఆటో నడుపువాడు నాలుగు క్రొత్తవి ఒక్కమారే కొనజాలడు. శ్రద్ధగ చేసిన మరమ్మతు కొంతకాలము చక్కగ పనిచేయును గూడ. చిక్కెక్కడ ననగా, శ్రద్ధతో చేసినదియు, చేతికందిన ఇంజను ఆయిలును పోసి అతికినదియు, రంగు వేసిన పిమ్మట ఒక్కటిగనే కనబడును. ధరయు ఒక్కటిగనే పలుకును. అట్టి బజారులో నష్టపోవునది మంచి పనివాడే. అతడు సరియైన నూనె కొనును, వాల్వు కడుగును, పగలంతయు ఖర్చుపెట్టును. ప్రక్కవాడు గంటలో ముగించి అంతే ధర పుచ్చుకొనును. పాతదానిని క్రొత్తదని యమ్ముట నేరమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఆధారముగ ఫిర్యాదు చేయవచ్చును. చేయవచ్చును గాని, న్యాయస్థానమున ఏ కొలతను చూపుదుము?

కొలుచు యంత్ర మెన్నడో పుట్టినది. దానిని డైనమోమీటరందురు, బలమాపకమని మన భాషలో చెప్పవచ్చును. 18వ శతాబ్ది చివర ఫ్రాన్సు దేశమున రెనియే యనునాతడు మనుష్యుల చేతిబలమును, గుఱ్ఱముల లాగుడును కొలుచుటకు స్ప్రింగుతో నొక సాధనము చేసెను. 1821లో ప్రోనీ యంత్రముల శక్తిని కొలుచుటకు రాపిడి బ్రేకును కల్పించెను. 1877లో ఆంగ్లేయుడు విలియం ఫ్రౌడ్ ఓడల యింజనులకై నీటితో పనిచేయు డైనమోమీటరును నిర్మించెను. మోటారు గ్యారేజీ యనగానే ఈ పేరునకు జనులు ఇంజను బలము కొలుచు యంత్రమునే తలంతురు. షాకబ్జార్బరులను కొలుచునది దానికి చిన్న చెల్లెలు. దీని నిర్మాణము తెలిసికొనినవారికి ఇది సముద్రముల కావలి విద్య కాదని తెలియగలదు.

ఒక గట్టి ఇనుప చట్రము. దిగువ ఒక మోటారు, వేగము తగ్గించు గేరుపెట్టె, దానికి క్రాంకు. క్రాంకు తిరిగినకొలది షాకబ్జార్బరు క్రిందికొన పైకిని క్రిందికిని నియమముగ కదలును. పైకొన కదలకుండ బిగించి, దానికిని చట్రమునకును నడుమ లోడుసెల్లు నుంచుదురు. లోడుసెల్లనగా నేమో గాదు, మన ధర్మకాంటలో లారీ బరువును తెలుపునది కూడ అదే. క్రాంకు 50 మిల్లీమీటరుల దూరము కదలించుచు నిమిషమునకు నూరుమార్లు తిరిగినచో, మార్గమధ్యమున పిస్టను వేగము సెకనునకు సుమారు 26 సెంటీమీటరులగును. ఇరువదియైదు మార్లు తిరిగినచో ఆరున్నర. రెండువందల మార్లు తిరిగినచో 52. ఇట్లు ఒకే యంత్రమున మెల్లని యూపును, కొంత గట్టి దెబ్బను రెంటిని పరీక్షింపవచ్చును. గుంతలో పడిన వేగమంతయు రాకపోవచ్చును, నిజమే. అయినను మనిషి చేయి చేరలేని చోటికి ఇది చేరును. అన్నిటికి మించి నిన్న చెప్పిన జవాబునే నేడును చెప్పును.

ఆ జవాబు కాగితముపై గీతగా వచ్చును. అడ్డముగ పిస్టను ఉన్న చోటును, నిలువుగ బలమును పెట్టి గీచినచో ఒక చుట్టు ముగియునప్పటికి మూసిన వలయమొకటి ఏర్పడును. సాధారణముగ షాకబ్జార్బరు అణగునప్పుడు కంటె సాగునప్పుడు ఎక్కువ యెదిరించునట్లు చేయబడును గనుక, వలయము ఒకవైపు ఉబ్బి, రెండవవైపు చప్పిడిగా, మన మామిడికాయను పోలియుండును. జగిత్యాలవారికి ఇంతకంటె సులభమైన పోలిక దొరకదు. కాయ నిండుగ నున్నచో షాకబ్జార్బరు మంచిది. కాయ మొత్తము సన్నబడినచో నూనె పలుచనైనది, లేదా వాల్వు అరిగినది. దిశ మారిన చోట బలము వెంటనే లేవక, కాయను ఎలుక కొరికినట్లు ఒక మూల లోపించినచో నూనెలో గాలి చేరినది, లేదా నూనె తగ్గినది. ఉబ్బవలసిన వైపు మాత్రమే చప్పబడినచో సాగునప్పుడు పనిచేయు వాల్వు చెడినది. ఎంత మెల్లగ త్రిప్పినను బలము తగ్గకుండ వలయము పెట్టెవలె చతురస్రముగ వచ్చినచో, నూనెపని కాదది, వంగిన రాడు గొట్టమునకు రాచుకొనుచున్నది. చేతితో లాగి చూచువానికి ఈ కడపటిదే అన్నిటికంటె గట్టిదిగ తోచుననుట గమనింపదగును. మా మేస్త్రీ బాగున్నదనిన కుడివైపు షాకబ్జార్బరును గూర్చి మాకు గలిగిన సందేహమిదియే.

యంత్రమునకు మహత్తరమైన శక్తి కావలయునను భ్రమ గూడ వలదు. లెక్క చూతము. నూరు కిలోల బరువునకు సమానమైన బలముతో, అనగా సుమారు వేయి న్యూటనులతో, ఎదిరించు షాకబ్జార్బరును సెకనునకు 26 సెంటీమీటరుల వేగముతో కదలించుటకు ఆ క్షణమున పట్టు శక్తి 260 వాట్లు. చుట్టు మొత్తముమీద సగటున అందులో సగము. హార్సుపవరులో ఆరవవంతు అన్నమాట! రాపిడికిని, గట్టి షాకబ్జార్బరులకును, ఎక్కువ వేగమునకును విడిచిపెట్టినను రెండు మూడు హార్సుపవరుల మోటారు చాలును. మన రైతు బావిపై ఐదు హార్సుపవరుల మోటారు బిగించి నీరు తోడుచున్నాడు. దానిని విప్పుటకును, చుట్టుటకును, బేరింగులు మార్చుటకును సారంగాపూర్ మండలమున పనివారు లేరా? వెల్డింగు చేయువారు లేరా?

యూరపు దేశములలో వేరొక పద్ధతి వాడుకలో నున్నది. షాకబ్జార్బరును విప్పనక్కరలేదు. చక్రమును ఒక పలకపై నిలిపి, ఆ పలకను ఆరు మిల్లీమీటరుల మేర సెకనునకు ఇరువదియైదు మార్లు అదరించి, మోటారు ఆపివేయుదురు. అదురు క్రమముగ తగ్గుచు చక్రము సహజముగ ఎగిరిపడు వేగమును దాటి పోవును. ఆ దాటు వేళ చక్రము పలకను కనీసము ఎంత బలముతో తాకియున్నదో చూచి, నిలిచియున్నప్పటి బరువులో అది నూటికెంత యని లెక్కింతురు. అరువది దాటిన మిక్కిలి మంచిదందురు. నలువది దాటిన మంచిది. ఇరువదికి లోబడిన చెడ్డది. యూరపు షాకబ్జార్బరు తయారీదారుల సంఘము పేర యూసామా పద్ధతియని దీనికి ప్రసిద్ధి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి గల్ఫునకు పోయి గ్యారేజీలలో పనిచేసి వచ్చిన వారిలో ఇట్టి పలకలను చూచినవారుందురు.

ఈ పలకకు గుణములతోబాటు దోషములును గలవు. ఇది షాకబ్జార్బరును ఒంటరిగ కొలువదు. టైరు, స్ప్రింగు, బుష్షు, బండి బరువు అన్నిటిని కలిపి కొలుచును. టైరులో గాలి ఎక్కువైనచో అంకె పడిపోవును. వెనుకభాగము తేలికయైన చిన్నకారులకు క్రొత్త షాకబ్జార్బరులున్నను తక్కువ అంకె రావచ్చును. కావున నిమిషములలో వందల బండ్లను జల్లెడ పట్టవలసిన ప్రభుత్వ పరీక్షాకేంద్రమునకు పలక తగును. షాకబ్జార్బరును కొనువానికిని, బాగుచేయువానికిని, అమ్మువానికిని నడుమ తగవు తీర్చుటకు బల్లమీది డైనమోమీటరు తగును. రెంటిలో మొదట నేది కావలయునని మమ్మడిగినచో రెండవదే యందుము. మన తగవు బజారులో నున్నది.

ప్రభుత్వ పక్షమున ఏమి జరిగినదో చెప్పకుండుట న్యాయము కాదు. మోటారు వాహన చట్టమును 2019లో సవరించిరి. 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము యంత్రములతో వాహనముల యోగ్యతను పరీక్షించు కేంద్రములకు నియమములను ప్రకటించినది. ఆ పరీక్షలలో బ్రేకులు, స్టీరింగు, పొగ, దీపములతోబాటు సస్పెన్షను పరీక్షకును చోటు దొరకినది. ఇది సంతోషింపదగిన విషయము. అయితే ఈ పరీక్షల క్రిందికి వచ్చునవి ముఖ్యముగ కిరాయి వాహనములు. వానికి ఎనిమిదేండ్లు నిండువరకు రెండేండ్ల కొకమారు, ఆ పైన ఏటేట యోగ్యతాపత్రము కావలయును. సొంత కారునకు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. అనగా ఒకడు కారు కొని, మన రోడ్లపై పదునైదేండ్లు నడపి, అందులో పిల్లలను బడికిని, తల్లిని ఆసుపత్రికిని చేర్చుచు, ఒక్కనాడైనను దాని షాకబ్జార్బరులను ఎవరిచేతను కొలిపింపక కాలము గడుపవచ్చును. చట్టము అతనిని అడుగదు. అడిగినను పోవుటకు అతనికి చోటు లేదు.

వాహనముల యోగ్యతను గూర్చి వ్రాయుచు కొండగట్టును తలంపకుండుట జగిత్యాల ప్రాంతీయులకు శక్యము కాదు. 2018 సెప్టెంబరు 11వ తేది, మంగళవారము, కొండగట్టు ఘాటుదారిలో జగిత్యాల డిపో బస్సు లోయలో పడి అరువదిమందికి మించిన జనులు మృతిచెందిరి. వారిలో స్త్రీలు పెక్కుమంది. పట్టవలసినవారికంటె ఎంతో యెక్కువమంది అందు క్రిక్కిరిసియుండిరి. ఆ ఘోరమునకు షాకబ్జార్బరులు కారణమని మేము చెప్పుట లేదు; అట్లు చెప్పుటకు ఏ యాధారమును లేదు. మేము జ్ఞాపకము చేయునది ఆ తరువాతి దినములను. ప్రతి టీకొట్టు దగ్గరను, ప్రతి బస్సు స్టాండులోను జనులు వాదించుకొనిరి. బ్రేకులని యొకరు, బరువని యొకరు, దారియని యొకరు, బస్సు ముసలిదని యొకరు. దుఃఖములో నున్న జనమునకు వాదమే మిగిలినది. బండి దారి పట్టుటకు ముందే దాని యవయవములు కొలువబడి, ఆ కొలత అందరికి కనబడునట్లు వ్రేలాడదీయబడియున్న దేశమున ఇట్టి వాదములు ఇంత పొడుగు సాగవు.

రోడ్డు రవాణా సంస్థకు ఈ విద్య క్రొత్తదని కాదు. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో ఇరువదియేడు బస్సులతో, నూట అరువదియారుగురు ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిన నాటినుండి ఈ గడ్డపై బస్సులను నడపుటతోబాటు బాగుచేయుటయు ఒక వృత్తియై పెరిగినది. నేటికిని మన పల్లెలలో మంచి మేస్త్రీ యని పేరు పొందినవారిలో కొందరు ఆ షెడ్డులలో చేయి తిరిగినవారే. అట్టి విద్య ప్రభుత్వపు ప్రహరీ లోపలనే నిలిచిపోయి, గోడ కివతల ఆటోను, ట్రాలీని, జీపును బాగుచేయువానికి అందకుండుటయే మా ఫిర్యాదు.

ఇందులకు చేయదగిన దేమి? దూరపు పట్టణములకు చూడనక్కరలేదు. కొండగట్టు చెంత నాచుపల్లియందు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల 2007 నుండి యున్నది. అందు మెకానికల్ శాఖ గలదు. ప్రతి సంవత్సరము చివరి తరగతి విద్యార్థులు ప్రాజెక్టుల పేర ఏదో యొకటి నిర్మించుట దేశమంతట కళాశాలలలో నున్న ఆచారము. అందు పెక్కు ప్రాజెక్టులు మార్కులు పడిన మరునాడు మూలను చేరునని అందరికి తెలిసినదే. షాకబ్జార్బరుల డైనమోమీటరును ఆ విద్యార్థులే నిర్మింతురుగాక. వారానికి రెండు దినములు దానిని బయటివారికి తెరచియుంచవలయును. సారంగాపూర్ నుండియు, కోరుట్ల నుండియు మేస్త్రీ విప్పిన షాకబ్జార్బరును సంచిలో వేసికొని రాగలడు. విద్యార్థి మేస్త్రీనుండి నేర్చికొనును, మేస్త్రీ విద్యార్థినుండి నేర్చికొనును; ఎవరికెక్కువ లాభమో మేము చెప్పజాలము. సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవరులకు శిక్షణ నిచ్చు సంస్థ యొకటి గలదు. అందును ఇట్టి యంత్ర మొకటి యుండి, మంచి షాకబ్జార్బరు గీతను, చెడ్డదాని గీతను ప్రతి డ్రైవరు ఒకసారి కన్నులార చూచినచో, బండి వణకు అతనికి అటుపై వేరు విధముగ వినబడును.

దీనికి రెండు ఆక్షేపణలు మాకు ఎదురైనవి. విప్పుటకును బిగించుటకును పట్టు కూలి ఎవరిత్తురని మొదటిది. బల్లమీద పరీక్షకు విప్పక తప్పదు, నిజమే. కాని కొనునప్పుడు పరీక్షింపుడని మేమనుచున్నాము. అప్పుడది ఇంకను బిగింపబడనే లేదు. దుకాణమువాడు చీటీతో నమ్మినచో కొనువానికి కూలి ఖర్చేమియు లేదు. ఆ చీటీలో నుండవలసిన అంకెలు నాలుగైదింటికి మించవు: ఎంత దూరము కదలించిరి, నిమిషమున కెన్ని మార్లు, సాగునప్పటి బలమెంత, అణగునప్పటి బలమెంత, గొట్టపు వేడి యెంత. చివరిదానిని మరువరాదు. వేడికి నూనె పలుచబడును. మే మాసపు మిట్టమధ్యాహ్నము వచ్చిన అంకె ఉదయమున వచ్చినదానికంటె తక్కువ యగును. గ్యాసు నింపినవానికి ఊరకున్నప్పుడే రాడును బయటకు నెట్టు బలము కొంత యుండును. దానిని వేరుగ వ్రాయవలయును.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. తయారీదారులు షాకబ్జార్బరుపై ఈ అంకెలను ముద్రింపరు గదా, వచ్చిన అంకె మంచిదో చెడ్డదో ఎట్లు తెలియును? దీనిని మాతో అనినది వేరెవరో కాదు, పైన చెప్పిన మేస్త్రీయే. అతని ప్రశ్న మమ్ము కొన్ని దినములు నిద్రపోనీయలేదు. జవాబు ఓపికలో నున్నది. మన ప్రాంతమున తిరుగు వాహనముల రకములు వందలు లేవు. పదునైదు ఇరువది రకముల జీపులు, ట్రాలీలు, కారులు, ఆటోలు లెక్కించినచో బజారులో చాలవరకు ముగియును. కంపెనీ ముద్రయు రశీదును గల క్రొత్త షాకబ్జార్బరులను ఒక్కొక్క రకమునకు నాలుగైదు తెచ్చి, ఒకే వేడిలో, ఒకే వేగములతో కొలిచి, ఒక పెద్దపుస్తకమున వ్రాసి పెట్టవలయును. తరువాత వచ్చు ప్రతి షాకబ్జార్బరును ఆ పుటతో పోల్చవచ్చును. సాగునప్పటి బలము క్రొత్తదానిలో మూడువంతులకు తగ్గినచో మార్చుకొనుడని చెప్పవచ్చునా, సగమునకు తగ్గినప్పుడు చెప్పవలయునా యన్నది కొన్ని నెలల యనుభవముతో వారే నిర్ణయింతురు. ఆ నిర్ణయము పరదేశపు రోడ్లను చూచి చేసినది గాక, సారంగాపూర్ రోడ్డును చూచి చేసినదై యుండును.

పుస్తకము మొదలిడువారికి మా వంతు సామగ్రి సిద్ధముగ నున్నది. మా జీపు నుండి తీసిన షాకబ్జార్బరులు రెండును, నూనె కార్చినదియు, మేస్త్రీ బాగున్నదనినదియు, గోనెసంచిలో చుట్టి మా వరండాలో నుంచితిమి. వేనికిని ఇంకను చీటీ లేదు.